లారీ గోడ, కారు అద్దం: ముస్తాబైన బండ్లను ఫొటో తీసే పద్ధతి

మొదట్లో ఓ నల్ల స్కార్పియోను తీశాను. మిర్యాలగూడ బైపాస్ దగ్గర ఖాళీ ప్లాటులో పొద్దున అరవై దాకా ఫొటోలు కొట్టి, ఇంటికొచ్చి అన్నీ బాగొచ్చాయనుకుని ఓనర్‌కు పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "అన్నా, నా డోర్ మీద నువ్వు నిలబడి ఏం జేస్తున్నవ్?" జూమ్ చేసి చూస్తే నిజమే. ముందు డోర్ మీద నారింజ రంగు టీషర్టు, చేతిలో కెమెరా, కాస్త వంగిన నేను. వెనక డోర్ మీద నా బైకు. అరవైలో ఒక్కటీ పనికిరాలేదు.

ఆ రోజు అర్థమైన ముక్క మీదే ఈ మార్గదర్శి అంతా నడుస్తుంది. పాలిష్ కొట్టిన కారు అద్దం లాంటిది. దాని ఎదురుగా ఏముంటే అదే దాని రంగు. చేత్తో రంగులేసి, పేర్లు రాయించి, పూలు దిద్దించిన లారీ మాత్రం గోడ లాంటిది. దాని మీద ఉన్నది చదవగలగాలి. ఈ రెండింటికీ వెలుగు వేరు, నిలబడే చోటు వేరు. చాలామంది కారుకు పనికొచ్చే వెలుగులో లారీని, లారీకి పనికొచ్చే వెలుగులో కారును తీసి కెమెరాను తిట్టుకుంటారు.

ముందు కెమెరా లేకుండా ఓ చుట్టు తిరగండి

బండి చుట్టూ తిరుగుతూ ఓనర్‌నో డ్రైవర్‌నో మాట్లాడించండి. దేనికి డబ్బు పెట్టాడో, దేన్ని చూసి మురుస్తాడో ఆయనే చెబుతాడు. అలాయ్ వీల్స్ కావచ్చు, క్యాబిన్ పైన రాయించిన తల్లి పేరు కావచ్చు. ఓసారి నార్కట్‌పల్లి దగ్గర దాబాలో ఆగిన పన్నెండు టైర్ల లారీని తీస్తుంటే, డ్రైవరన్న నన్ను చేయి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లాడు. డాలా, అంటే లారీ వెనక తలుపు మీద కుడి మూలన, అరచేతి అంత తామరపువ్వు. దాని రేకుల్లో ఒక్కో రేకు మీద ఒక్కో అక్షరం చొప్పున కూతురి పేరు. నేనైతే దాన్ని చూసేవాడినే కాదు. ముందు నుంచి ఎంత గొప్ప ఫొటో తీసినా, ఆ మూల లేకపోతే ఆయన లెక్కలో బండి ఫొటో తీయనట్టే.

ఈ చుట్టులోనే సొట్టలు, గీతలు, తుప్పు ఎటువైపు ఉన్నాయో చూసుకుని, మంచి వైపు ఏదో తేల్చుకోండి.

కడగడం

దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కడిగించండి, నీటి మరకలు ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడవండి, టైర్లకు పాలిష్ పెట్టించండి. షూట్ జాగాకు వచ్చేసరికి మళ్లీ దుబ్బ పడుతుంది కాబట్టి గుడ్డ, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. రైస్ మిల్లుల పక్కన వద్దు. గాల్లో ఊక ఎగురుతూనే ఉంటుంది, నల్ల బండి మీద పది నిమిషాల్లో తెల్లగా పేరుకుంటుంది. అద్దానికి వేలాడే నిమ్మకాయలు, మిరపకాయలు వాడిపోయి ఉంటే కొత్తవి కట్టమని అడగండి. తీసేయమని మాత్రం అడగకండి.

జాగా

మనమంతా బండి వెనక ఏముందో చూసుకుంటాం. మన వీపు వెనక ఏముందో చూసుకోం. కారు పక్కల మీద పడేది ఆ వీపు వెనకదే. అందుకే కారుకు జాగా వెతికేటప్పుడు నేను మొదట కారు నిలిపే చోట నిలబడి, కెమెరా ఉండే వైపు చూస్తాను. అక్కడ కరెంటు స్తంభాలు, ఫ్లెక్సీలు, చెట్ల వరసలు ఉంటే డోర్ల మీద గీతలు గీతలుగా పడతాయి. ఖాళీ చేను, చెరువు, దూరంగా చదునైన దిగంతం ఉంటే డోర్ మీద పైసగం ఆకాశం, కింది సగం నేల, మధ్యలో బారుగా ఒక్క గీత. ఆ గీత తిన్నగా వచ్చిందంటే బాడీ ఆకారం కళ్లకు కడుతుంది.

నల్లగొండకు ఆనుకుని పానగల్లు ఉదయసముద్రం కట్ట వైపు ఇలాంటి బారు ఆకాశం దొరుకుతుంది. నల్లగొండ పట్నంలో లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట రెండూ బ్యాక్‌గ్రౌండ్‌కు బాగుంటాయి. రాతి బండల గరుకుతనం ముందు నున్నటి బాడీ ఎత్తి చూపినట్టు ఉంటుంది. పాలమూరు వైపైతే జడ్చర్ల దాటాక 44వ నంబరు హైవేకు అటూ ఇటూ లోపలికి పోయే రోడ్లలో బోలెడంత ఖాళీ ఉంది. హైవే మీద మాత్రం వద్దు. 65 మీదైనా 44 మీదైనా పక్కన ఆపిన బండి ముందు వంగి నిలబడిన మనిషి, వెనక నుంచి వచ్చే టిప్పర్‌కు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. సాగర్ డ్యామ్ దగ్గరైతే సెక్యూరిటీ ఉంటుంది, అడగకుండా కెమెరా బయటికి తీయకండి.

నేల రంగు సంగతి ఎవరూ చెప్పరు, నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మన ఎర్ర చెల్క నేల మీద తెల్లకారు నిలిపితే, ఎండ నేల మీద పడి పైకి లేచి డోర్ల కింది సగం లేత గులాబీ రంగు కొడుతుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగ్) మార్చి కింద సరిచేస్తే పైసగం నీలమైపోతుంది. తెల్లబండికి తారు రోడ్డో సిమెంటు నేలో చూడండి. ఎర్ర, పసుపు రంగు లారీలకు మాత్రం అదే చెల్క నేల అందం, రంగులు ఇంకా వేడెక్కుతాయి.

చింతచెట్టు నీడ చల్లగా ఉందని బండిని దాని కింద పెట్టకండి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ బానెట్ మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీయలేదు. నీడ కావాలంటే గోడ నీడ, షెడ్డు నీడ వెతకండి. పెద్ద షెడ్డులో బండి ముఖం గుమ్మం వైపు పెట్టి, ఎండ నేరుగా పడకుండా గుమ్మానికి రెండు మూడు గజాలు లోపల ఆపితే, బయట నేల నుంచీ గోడల నుంచీ చెదిరి వచ్చే వెలుగు ఎంత మెత్తగా ఉంటుందో చూడండి. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఓసారి పోయి రండి. లింగం మీద రోజంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ కోసం జనం వస్తారు. ఎండ నేరుగా లోపలికి రాకపోయినా, తెరిచి ఉన్న చోట్ల నుంచి చెదిరి వచ్చిన వెలుగు స్తంభాల మధ్య చేసే పని అది. లైటింగ్ నేర్పే వీడియోలు పది చూసినా అంత సూటిగా అర్థం కాదు.

టైమ్

మనం దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే మొదటి పది రోజుల్లో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. బానెట్, టాప్ తెల్లగా కాలిపోతాయి, పక్కలు చీకట్లో పడతాయి. ఎండాకాలం ఉదయం ఎనిమిది దాటితే నేను కెమెరా సర్దేస్తాను. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి తొమ్మిదిన్నర దాకా పని జరుగుతుంది.

లారీ రంగులకు నేను ఇష్టపడేది మబ్బు పట్టిన రోజు. జూన్‌లో తొలకరి పడ్డాక గాల్లో దుమ్ము కడుక్కుపోయి, పైన నల్లమబ్బు, కింద తడిసిన ఎర్రనేల ఉన్నప్పుడు ఆ పసుపు, ఆకుపచ్చ, ఎరుపు పలికే తీరే వేరు. కారుకు మాత్రం సూర్యుడు గుంకిన తర్వాతి పావుగంట. మన దగ్గర మునిమాపు ఎంతోసేపు ఉండదు, ఇరవై ఇరవైరెండు నిమిషాల్లో చీకటి పడిపోతుంది. అందుకని సాయంత్రం ఐదింటికే అక్కడుండి, బండి నిలిపి, స్టాండు వేసి, ఫ్రేము ఖాయం చేసుకుని కూర్చోవాలి. గుంకాక జాగా వెతకడం మొదలుపెడితే ఆ రోజు పోయినట్టే.

నిలపడం, నిలబడడం

ఎక్కువమందికి నచ్చేది ముందు మూల నుంచి తీసే ఫొటో. ముఖమూ, ఒక పక్కా రెండూ కనబడతాయి. ఇందులో ముందు చక్రాలను కెమెరా నుంచి అవతలి వైపు తిప్పించండి. అప్పుడు మనకు టైరు గాడులకు బదులు వీల్ డిజైన్ కనిపిస్తుంది. స్టీరింగ్ అర చుట్టో, ముప్పావు చుట్టో చాలు. పూర్తిగా తిప్పితే చక్రం విరిగినట్టు ఉంటుంది.

దూరం గురించి గట్టిగా చెబుతాను. ఫోన్ మామూలు లెన్సుతో మూడు గజాల నుంచి తీస్తే బంపర్ బెలూన్‌లా ఉబ్బుతుంది, వెనక చక్రం చిన్న పిల్లల సైకిల్‌దిలా అవుతుంది. వెనక్కి జరిగి 2ఎక్స్, 3ఎక్స్ జూమ్ వాడండి. కెమెరా అయితే కారుకు 70 నుంచి 135 ఎంఎం లెన్సు. పది టైర్ల లారీని సరిగ్గా పక్క నుంచి మొత్తం పట్టాలంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా మీద 70 ఎంఎంతోనే దాదాపు 70 అడుగులు వెనక్కి పోవాలి. జాగా చూసేటప్పుడే ఆ అడుగులు లెక్కేసుకోండి.

ఎత్తు: కారుకు హెడ్‌లైట్ ఎత్తు, అంటే మోకాళ్ల మీద కూర్చున్న ఎత్తు. నిలబడి తీస్తే ఫొటో పార్కింగ్‌లో కొట్టినట్టే ఉంటుంది. లారీకి కింద కూర్చుంటే బండి గంభీరంగా వస్తుంది గానీ క్యాబిన్ వెనక్కి వాలిపోతుంది, పైన రాయించిన పేరు చదవడానికి రాదు. పేరు ముఖ్యమైతే ఎత్తెక్కండి. ఇంకో లారీ తొట్టి, మిల్లు ప్లాట్‌ఫారం, ఏదైనా సరే. క్యాబిన్ అద్దం మధ్యకు కెమెరా వస్తే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. నేను చిన్న మడత నిచ్చెన ఒకటి కారు డిక్కీలో వేసుకుని తిరుగుతాను. మా ఇంట్లో దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయలేను.

బండి పోయే వైపు ఫ్రేములో ఖాళీ వదలండి. ముక్కు ఫ్రేము అంచుకు తగిలితే గోడకు గుద్దినట్టు ఉంటుంది. బండి తల మీద స్తంభం మొలవకుండా, కిటికీల్లోంచి అవతలి జనం కనిపించకుండా ఒక్క అడుగు అటూ ఇటూ జరిగి చూసుకోండి.

కారుకు వెలుగు

సూర్యుడు గుంకాక పడమటి ఆకాశం మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఆ కాంతి అంతా కారు పక్క మీద ఒక పొడవాటి పట్టీలా, పైనుంచి కిందికి సన్నగా మసకబారుతూ పడుతుంది. స్టూడియోల్లో పెద్ద లైటు పెట్టి చేసేది ఇదే, మనకు ఊరికే వస్తుంది. బానెట్ సంగతి వేరు. ముందు నుంచి చూసినప్పుడు అందులో కనిపించేది బండి వెనక ఉన్న ఆకాశం. అక్కడ సెల్ టవర్ ఉంటే బానెట్ మీదా ఉంటుంది.

పోలరైజర్ ఫిల్టర్ కొనగలిగితే అన్నిటికంటే ముందు అదే కొనండి. దాన్ని తిప్పుతూ చూస్తే విండ్‌షీల్డ్ మీదా, పెయింటు మీదా మెరుపు తగ్గి అసలు రంగు బయటపడుతుంది. క్రోమ్ మీద మాత్రం దాని ఆట సాగదు, లోహం మీది ప్రతిబింబాన్ని అది కోయలేదు. ఇంకో తిరకాసు ఏమిటంటే, విండ్‌షీల్డ్ సరిగ్గా వచ్చే చోట డోర్ సరిగ్గా రాదు. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి, ఫిల్టర్‌ను ఒకసారి అద్దానికీ, ఒకసారి డోర్‌కూ తిప్పి రెండు ఫొటోలు తీసి తర్వాత కలుపుకోండి. ఈ ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు) కాబట్టి మునిమాపులో స్టాండు తప్పదు.

నల్లబండికి కెమెరా భయపడి వెలుగు పెంచుతుంది, తెల్లబండికి తగ్గిస్తుంది. నలుపుకు ఒక స్టాపు దాకా తగ్గించండి, తెలుపుకు ముప్పావు నుంచి ఒకటి పెంచండి. ఇక బట్టలు. నల్లవి వేసుకోండి. నారింజ టీషర్టు ఇంట్లో పెట్టి రండి.

లారీకి వెలుగు

మబ్బు లేని రోజైతే లారీకి ఎదురుగా, కాస్త పక్కగా, వాలిన ఎండ పడాలి. సూర్యుడు సరిగ్గా మీ వెనక ఉంటే రంగులు వస్తాయి గానీ మీ నీడ పొడుగ్గా పోయి బంపర్ ఎక్కుతుంది. ఓ ముప్పై నలభై డిగ్రీలు పక్కకు తిప్పితే రేకు మీద కొట్టిన రివెట్లు, చెక్క మీది చెక్కుడు, బ్రష్ గీతలు లేచి కనిపిస్తాయి. క్యాబిన్ పైనుంచి ముందుకు చాచిన భాగం అద్దం మీద నీడ వేస్తుంది. దానికి లైట్లు అక్కర్లేదు, లారీ ముందు నేల మీద తెల్ల దుప్పటి పరవండి, ఫ్రేములోకి రాకుండా. కింద నుంచి లేచిన వెలుగు నీడను సగం కరిగిస్తుంది. థర్మాకోల్ షీట్లు కూడా పనికొస్తాయి గానీ హైవే గాలికి అవి ఎటుపోతాయో తెలియదు, నావి రెండు ఎవరి పత్తిచేన్లోనో పడ్డాయి.

వెనక డాలాను అడ్డదిడ్డంగా కాక సరిగ్గా ఎదురుగా నిలబడి తీయండి. "నరుడి దృష్టికి నల్లరాయైనా పగులుతుంది" అని రాసి ఉంటే అది పోస్టర్ చదివినట్టు చదవగలగాలి.

రేడియంతో జాగ్రత్త

కొత్తవాళ్లందరూ బోర్లా పడేది ఇక్కడే. రాత్రిపూట లారీ మీద ఫ్లాష్ కొడితే రేడియం స్టిక్కర్లు, ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు పట్టీలు అన్నీ భగ్గుమంటాయి. మిగతా బండి బొగ్గులా ఉంటుంది. కారణం ఏమిటంటే, ఆ స్టిక్కర్ వెలుగును ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగి పంపుతుంది. హెడ్‌లైట్ వెలుగు వెనక బండి డ్రైవర్ కంటికే పోవాలని అట్లా చేశారు. ఫ్లాష్ కెమెరా మీదే ఉంటే ఆ వెలుగంతా లెన్సులోకే వస్తుంది.

మందు తేలికే. ఫ్లాష్‌నో టార్చ్‌నో కెమెరా నుంచి దూరంగా, మూడు నాలుగు గజాలు పక్కకు పట్టించండి. క్లీనర్ తమ్ముడు ఉన్నది అందుకే. రేడియం మామూలు రంగు కాగితంలా చల్లబడుతుంది. కొంచెం మెరుపు కావాలంటే చిన్న టార్చ్‌ను లెన్స్ పక్కనే ఒక్క క్షణం వెలిగించి ఆర్పండి. ఎంత మెరవాలో మీ చేతిలో ఉంటుంది.

చీకట్లో లైట్ గీయడం

పూర్తిగా చీకటైన చోట, స్టాండు మీద కెమెరా, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా చురుకుదనం) 100, ఎఫ్/8 (లెన్స్ తెరుచుకునే కొలత), షట్టర్ 20 నుంచి 30 సెకన్లు. నల్లబట్టలు వేసుకున్న మనిషి ఒక ఎల్ఈడీ ట్యూబ్ పట్టుకుని బండి పైన, టాప్ కంటే రెండడుగుల ఎత్తులో, ముందు నుంచి వెనక్కి ఒకే వేగంతో నడవాలి. ఆగితే అక్కడ ముద్ద కడుతుంది. తర్వాత పక్క మీద ఒకటి, చక్రాల మీద ఒకటి, వెనక ఒకటి, ఇలా ఏడెనిమిది ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో లేయర్లుగా పేర్చి లైటెన్ మోడ్‌లో (అన్ని ఫొటోల్లో వెలుగున్న భాగాలే నిలిచేలా) కలపండి. ఒక్క ఫొటోలోనే అంతా రావాలని పట్టుబట్టకండి, ఓ రాత్రంతా పోతుంది.

హెడ్‌లైట్లు వేయకండి, పార్కింగ్ లైట్లు చాలు. అవి కూడా రెండు మూడు సెకన్లు వెలిగించి ఆర్పేయాలి. లారీ సీరియల్ లైట్లతో ఇంకో పేచీ ఉంది. చాలా ఎల్ఈడీలు మన కంటికి తెలియని వేగంతో వెలిగి ఆరుతుంటాయి. షట్టర్ 1/500 సెకను పెడితే సగం బల్బులు ఆరిపోయినట్టు వస్తాయి. 1/50 కంటే నెమ్మదిగా పెట్టండి.

క్యాబిన్ లోపల

దేవుళ్ల పటాలు, కుచ్చులు, మఖ్మల్ గుడ్డ, రంగు లైట్లు, గేర్ రాడ్ మీద గాజు గుండు. లారీ గుండె అక్కడే ఉంటుంది. పగలు తీస్తే బయట తెల్లగా కాలిపోతుంది, రాత్రి తీస్తే అద్దం అవతల నల్లటి గోడ. గుంకిన పది పదిహేను నిమిషాలకు బయటి వెలుగూ లోపలి లైట్లూ దాదాపు సమానమయ్యే ఒక ఘడియ వస్తుంది. అద్దంలో నీలి ఆకాశం, లోపల ఎర్ర లైట్లు, రెండూ నిలుస్తాయి. ఆ సమయం కారు షూట్‌తో తగువు పడుతుంది కాబట్టి రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. చెప్పులు విప్పి ఎక్కండి. ఎవరూ చెప్పకపోవచ్చు, గమనిస్తారు.

పరుగులో

పక్కన నిలబడి, పోయే బండితో పాటు కెమెరాను తిప్పుతూ తీయడం. గంటకు 40 కిలోమీటర్ల బండికి 1/60 షట్టర్‌తో మొదలుపెట్టి, చేయి కుదిరాక 1/30కి దిగండి. పదిహేనుకు ఒకటి వస్తే గెలిచినట్టే. ఊరి రోడ్డు మీద, డ్రైవర్‌కు ముందే చెప్పి చేయండి.

ఇచ్చేటప్పుడు

దసరా ముందు పని ఎక్కువ ఉంటుంది. ఆయుధపూజకు బంతిపూలు కట్టిన బండ్లన్నీ ఒకే పూట పిలుస్తాయి. ఒప్పుకున్నవాటికి ఆ రాత్రే ఓ రెండు ఫొటోలైనా పంపండి, పండగ పోయాక స్టేటస్ ఎవరు పెట్టుకుంటారు. స్టేటస్ కోసం నిలువు ఫొటో ఒకటి, డీపీ కోసం చదరం ఒకటి వేరేగా కోయండి. డీపీ గుండ్రంగా తెగుతుంది, క్యాబిన్ పైన ఉన్న పేరు మూలల్లో పోకుండా చూడండి.

మీరు ఎక్కడైనా పెట్టుకునే కాపీలో నంబరు మసక చేయండి, ఓనర్ కాపీలో చేయకండి. ఏపీ 24 పలక ఇంకా మోస్తున్న నల్లగొండ బండికి అది వయసు, గౌరవం. తర్వాత టీఎస్ 05 వచ్చింది, 2024 నుంచి టీజీ 05. పాలమూరులో ఏపీ 22, టీఎస్ 06, టీజీ 06 అదే వరసలో.

క్యాబిన్‌లో పెట్టుకోవడానికి ప్రింటు అడిగితే 12 ఇంటూ 18 అంగుళాల సైజులో మ్యాట్ లామినేషన్ వేయించండి. నున్నటి లామినేషన్ వేయిస్తే విండ్‌షీల్డ్‌లోంచి ఎండ పడి, ఆయనకు ఫొటోలో లారీ బదులు తన ముఖమే కనబడుతుంది.